ఏటికి చెప్పని పేరు

మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారని ఎవరైనా వచ్చి అడిగితే, మీరు ఎవరిని వదిలేసి చెబుతారు? అదేం ప్రశ్న, ఎవరినీ వదలం అంటారు. నేనూ ఇన్నేళ్లు అదే మాట అన్నాను. సభల్లో అన్నాను, వ్యాసాల్లో రాశాను. మనిషిని లెక్కలోంచి తప్పించే ఆచారం ఏదైనా సరే, దాన్ని నిలదీయకుండా వదలకూడదని గొంతు చించుకున్నాను. ఇప్పుడు అదే ప్రశ్న నాకెదురుగా వచ్చి కూర్చుంది. పొద్దున టీ తాగేటప్పుడు అక్కడే ఉంటుంది, పేపరు మడిచేటప్పుడూ అక్కడే ఉంటుంది.

దాన్ని నా ఇంటికి తెచ్చింది మేరమ్మ. మునిగిపోయిన మా తుమ్మరేవులలో కింది గేరి అనే దిగువ వాడలో ఉండిన చర్చి ఇళ్ల మనవరాలు. ఊరు పోయాక మావాళ్లకు గుట్ట మీద కట్టిచ్చిన కాలనీలో పుట్టింది, అక్కడి బడిలోనే పాఠాలు చెబుతుంది. పోయిన ఎండాకాలం గద్వాలలో నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, చెప్పులు విడవకముందే విషయం చెప్పేసింది.

"తాతా, కాలనీ మొగదాల రాయి పెడ్తున్నం. మన ఊరు ఎట్లుండె, ఎవలెవలుండిరి, అన్నీ చెక్కియ్యాలె. నువ్వు రాయకుంటే ఇంకెవలు రాస్తరు?"

"ఎంత రాయాలె?"

"రెండు పేజీలు. భౌగోళికం, చరిత్ర, జనాభా. బడిపిల్లలకు సమజయ్యేటట్టు. నీ వ్యాసాల లెక్క తిట్లు వద్దు."

నవ్వాను. అప్పుడామె సంచిలోంచి జిరాక్సు కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టింది. ముంపు సర్వేలో రాసిన ఇంటింటి జాబితా. ఎడమకు వాలిన ఆ అక్షరాలు చూడగానే నా నవ్వు ఆగిపోయింది. అది నా చేతిరాత.

భౌగోళికం రాయడం కష్టం కాలేదు. కృష్ణ పడమటి నుంచి వచ్చి మా ఊరి దగ్గర ఒక నల్లటి రాతిగుండుకు తగిలి దక్షిణానికి ఒరిగేది. ఆ ఒరిగిన చోట నీళ్లు కాస్త నిదానించేవి, అక్కడే రేవు. ఇటు ఒడ్డు వనపర్తి వైపు, అటు ఒడ్డు గద్వాల వైపు. రేవు నుంచి పైకి ఎక్కుతుంటే మొదట కింది గేరి, తర్వాత పుట్టి పడవ నడిపేవాళ్ల ఇళ్లు, ఆ పైన మా రైతుల ఇళ్లు. వరద వచ్చినప్పుడల్లా ముందు మునిగేది కింది గేరి. ఇది భౌగోళికంలో రాయాలా, చరిత్రలో రాయాలా అని మేరమ్మ అడిగితే, రెండింట్లోనూ రాయమన్నాను. ఎండాకాలం నది సన్నబడి ఇసుక బయటపడితే అందులో దోస, పుచ్చ తీగలు పాకించేవాళ్లు. సాయంత్రం పూట వేడెక్కిన ఇసుక వాసన, పండిన దోసకాయల వాసన కలిసి ఊళ్లోకి ఎక్కి వచ్చేవి. తొలకరి తర్వాత ఎర్రనీళ్లు దిగేవి. ఆ నీళ్ల వాసన వేరు. పగిలిన కొత్త కుండను నీళ్లలో నానబెట్టినట్టుండేది. మా అవ్వ ఆ వాసన పట్టగానే జొన్నరొట్టె పిండి పిసికే చెయ్యి ఆపి, "వచ్చింది" అనేది. ఎవరు వచ్చారో ఎవరూ అడిగేవాళ్లు కాదు.

చరిత్ర కూడా రాశాను. మాకు రాజులు లేరు, శాసనాలు లేవు. పుట్టి నడిపేవాళ్లు మొదట వచ్చారని, వాళ్ల వెనక నల్లరేగడి కోసం రైతులు వచ్చారని, కరువు వచ్చిన ప్రతిసారీ కింది గేరి మనుషులు మూటలు కట్టుకుని ఎక్కడో కాలువలు తవ్వడానికి, కట్టలు కట్టడానికి పోయారని రాశాను. దూరదేశాల్లో డ్యాములు కట్టిన చేతులున్న ఊరు చివరికి ఒక డ్యాము కిందే పోయింది. ఇప్పుడు రెవెన్యూ కాగితాల్లో మా ఊరి పేరు పక్కన బేచిరాగు అని ఉంటుంది. దీపం లేని ఊరు, కాపురముండే మనిషి లేడు అని దాని అర్థం. మేరమ్మకు ఆ మాట నచ్చలేదు. "దీపాలు మేం కాలనీల పెట్టుకున్నం గద" అంది.

జనాభా దగ్గర నా కలం ఆగింది.

ఎందుకు ఆగిందో చెప్పాలంటే మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. తుమ్మరేవులలో ఏ లెక్కా చివరి దాకా చెప్పేవాళ్లు కాదు, మనుషుల లెక్క అసలే చెప్పేవాళ్లు కాదు. పూర్తి లెక్క ఏటి చెవిన పడితే అందులోంచి ఒకరిని అది తీసుకుంటుందని నమ్మకం. అందుకని ఇంట్లో ఆరుగురుంటే ఐదుగురమని చెప్పేవాళ్లు. మా అవ్వ పొద్దున్నే రొట్టెలు కాల్చి గంపలో వేస్తూ, మనిషికొకటి చొప్పున పైకి లెక్కపెట్టేది. చివరి రొట్టె మాత్రం నోరు మూసుకుని బోర్లా వేసేది. ఆ బోర్లా వేసిన రొట్టె ఎవరిదో రోజూ ఒకేలా ఉండేది కాదు. జ్వరం వచ్చినవాళ్లది, ప్రయాణం పోయేవాళ్లది, కడుపుతో ఉన్నవాళ్లది. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరి మీద భయముంటే వాళ్లది. వదిలేసిన మనిషే ఆ ఇంటికి ఎక్కువ కావలసిన మనిషి. ఇది నాకు చిన్నప్పుడే తెలుసు. తెలిసీ నేను చేసిన పని తర్వాత చెబుతాను.

ఆ ఆచారాన్ని అందరికంటే గట్టిగా పాటించినవాడు పుట్టి నడిపే హన్మంతు చిన్నాయన. మాకు రక్తసంబంధం లేదు, ఊరి వరుస. వెదురు అల్లి, మీద గుడ్డ కట్టి, తారు పూసిన గుండ్రటి పడవే పుట్టి. అందులో కూర్చుంటే తారు వాసన, తడి గోనెసంచుల వాసన, గద్వాల నుంచి చీరల మూటతో దిగే నేతాయన నమిలే తమలపాకు వాసన. బయలుదేరే ముందు చిన్నాయన తెడ్డుతో ఒక్కొక్కరి వైపూ చూపిస్తూ లెక్కపెట్టేవాడు. "తొమ్మిది, పది, పదకొండు..." తర్వాత ఒక మనిషి మిగిలేవాడు. తెడ్డు ఆ మనిషి వైపు తిరగకుండానే నీళ్లలో పడేది. నేను ఎక్కినప్పుడల్లా మిగిలేది నేనే.

"నన్నెందుకు లెక్కపెట్టవు చిన్నాయనా?" అని ఒకసారి ఏడుపు గొంతుతో అడిగాను.

"నువ్వు లెక్కల లేవుగానీ, నడిమిట్ల కూసో" అన్నాడు. పుట్టిలో అందరూ నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

పెద్దయ్యాక వనపర్తిలో చదువుకున్నాను. అక్కడ హేతువాదం నేర్చుకున్నాను, వాదించడం నేర్చుకున్నాను, వాదనలో ఎదుటివాణ్ణి చిత్తు చెయ్యడం కూడా నేర్చుకున్నాను. సెలవులకు వచ్చి ఒకరోజు రేవు దగ్గర నిలబడి, సంతకు పోయే జనం ముందు ఉపన్యాసం ఇచ్చాను. "ఏటికి చెవులుంటయా? విన్నోళ్లెవరైనా ఉన్నరా? చూసినోళ్లెవరైనా ఉన్నరా?" అని అరిచాను. చిన్నాయన పుట్టిలోని నీళ్లు తోడుతూ తల ఎత్తాడు.

"ఏటికి చెవుల్లేవు గద బిడ్డా, మరి గంత గట్టిగ ఎవలికి చెప్తున్నవ్? మా చెవులు మంచిగనే ఉన్నయ్, జర మెల్లగ చెప్పు."

జనం గొల్లుమన్నారు. ఆయన అంతటితో ఆగలేదు.

"ఏరంటే బుగులు లేదంటడు. పుట్టెక్కినంక మాత్రం నా పంచె ఇడువడు. మొన్న నా పంచె ఊడకొట్టె!"

చీరల మూట పక్కన పెట్టుకుని నేతాయన కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. నాకు ఈత రాదని ఊరందరికీ తెలుసు. ఆ రోజు పుట్టి ఎక్కకుండా ఇంటికి పోయాను.

ముంపు సర్వే వచ్చింది ఆ తర్వాతే. పట్నం నుంచి వచ్చిన సర్వే సారుకు మా ఎండ పడలేదు. చదువుకున్న కుర్రవాణ్ణని జాబితా నా చేతికిచ్చి, తను వెనక గొడుగు పట్టుకుని నడిచాడు. జాబితాలో పేరెక్కిన, వయసొచ్చిన ప్రతి మనిషికీ, ఆడైనా మగైనా, విడిగా బతికేవాళ్లయితే కొత్త కాలనీలో ఇంటి జాగా ఇస్తారని ఆయన నాకు వివరంగా చెప్పాడు. అందుకే ఆ రోజు నేను ప్రతి ఇంటి ముందూ యుద్ధమే చేశాను. ఒక ఇంట్లో ముసలామె నలుగురమని చెప్పింది. 

"అవ్వా, ఆ మూలకు మంచంల పండుకున్నదెవలు?"

"గది పిల్లి."

"పిల్లి దగ్గుతదా?"

"దగ్గుతది. దానికి సల్లగాలి పడదు."

"గా పిల్లి పేరు చెప్పు. చెప్పకుంటే జాగ రాదు."

ముసలామె కాసేపు నది వైపు చూసి, నా చెవిలో పేరు చెప్పి, "రాసుకో. పైకి సదవకు" అంది. అలా ఇల్లు ఇల్లూ తిరిగి, దాచిన ప్రతి మనిషినీ బయటికి లాగి రాశాను. నా జీవితంలో నేను చేసిన అతి మంచి పని ఆ ఒక్క పూటదే అయ్యుండాలి. ఒక ఇంటి దగ్గర తప్ప.

హన్మంతు చిన్నాయన వాకిట్లో పుట్టికి తారు పూస్తున్నాడు. "ఎందరు చిన్నాయనా?" అన్నాను. "ముగ్గురం. నేను, మీ చిన్నమ్మ, కొడుకు" అన్నాడు. తలుపు సగం తెరిచి ఉంది. లోపల చాప మీద ఆయన బిడ్డ సుంకమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. గోపాల్‌పేటకు ఇచ్చారు. కాన్పులో బిడ్డ పోయి, ఒళ్లంతా నీరుపట్టి పుట్టింటికి వచ్చింది. భర్త మళ్లీ రాలేదు, రాడని అందరికీ తెలుసు. సుంకమ్మ నన్ను చూసింది. నేనూ చూశాను. తర్వాత అడగాల్సిన ప్రశ్న నా నాలుక మీదే ఉంది, పొద్దుటి నుంచీ ప్రతి ఇంట్లో అడిగిన ప్రశ్నే. నాకు ఆ క్షణంలో రేవు దగ్గరి నవ్వు వినిపించింది. మూఢనమ్మకానికి ఎంత ఖరీదు కట్టాలో ఈయనకూ ఒకసారి తెలియనీ అనుకున్నాను. అనుకున్నానని ఇప్పుడు రాస్తున్నాను, అప్పుడు మాత్రం దానికి న్యాయమని పేరు పెట్టుకున్నాను. "అయిందా?" అని సర్వే సారు అడిగాడు. "అయింది" అన్నాను. చిన్నాయన తారు అంటిన వేలితోనే ముద్ర వేశాడు. లేచి నా భుజం తట్టి, "ఇయ్యాల నా మాట మన్నించినవ్ బిడ్డా, సల్లగుండు" అన్నాడు.

ఆయన తప్పు గ్రహించి బిడ్డను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయేసరికి జాబితా మూసేశారు. నల్లటి వేలిముద్ర చూపించి, నువ్వు వేసిందే కదా అన్నారట. నేను రాశానని ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనప్పటికి నాగర్‌కర్నూలులో ఉద్యోగంలో చేరాను. నా మొదటి వ్యాసం మా ఊరి ఆచారం మీదే రాశాను. ఏటికి భయపడి బిడ్డను దాచిన తండ్రి, ఆ బిడ్డకు జాగా లేకుండా పోయిన కథ అందులో ఉదాహరణ. చాలామంది మెచ్చుకున్నారు. ఆ వ్యాసంలో తండ్రి ఉన్నాడు, బిడ్డ ఉంది, ఏరు ఉంది. జాబితా రాసినవాడు లేడు.

మేరమ్మ తెచ్చిన జిరాక్సులో ఆ వేలిముద్ర నల్లటి మచ్చలా ఉంది. దాని పైన మూడు పేర్లు. ఆ మూడో పేరు కింద గీత గీసి ఇల్లు ముగించింది నేనే. ఆ జిరాక్సు చూసిన రోజు నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. ధరూర్ దగ్గర షేర్ ఆటో ఎక్కితే డ్రైవరు వెనక్కి తిరిగి తలలు లెక్కపెడతాడు. చివరి తల దగ్గర అతని గొంతు ఆగుతుందేమోనని నేను ఊపిరి బిగబట్టుకుంటాను. ఇంట్లో మనవలను అన్నానికి పిలిచేటప్పుడు చివరి పేరు గొంతు దాటి రాదు. ఇది భయం కాదు, వయసు అని మా ఇంటావిడకు చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు.

చివరికి కాలనీకి పోయాను. సుంకమ్మ, చనిపోయిన తమ్ముడి కొడుకు ఇంటి ముందు రేకుల చాటున కూర్చుని పల్లికాయ ఒలుస్తోంది. ఎక్కడెక్కడి కట్టల మీదో, హైదరాబాదు మేడల కిందో మట్టి మోసి, ఒంట్లో సత్తువ అయిపోయాక ఈ రేకుల కిందికి వచ్చింది. మేనల్లుడి ఇంట్లో ఉన్నావా అని ఎవరైనా అడిగితే, "ఇంట్ల లేను, ఇంటి ముందర ఉన్న" అంటుందట. నన్ను చూసి గుర్తుపట్టింది.

"శంకరన్నవు గద. ముసలోనివైనవ్."

"సుంకమ్మా, ఆ రోజు సర్వేల..." అని మొదలుపెట్టాను. నేను వేదికల మీద తడబడనివాణ్ణి, ఆ వాక్యం పూర్తి చెయ్యలేకపోయాను. ఆమే పూర్తి చేసింది.

"నువ్వు నన్ను చూసినవ్. నేను నిన్ను చూసిన. పక్కింటవ్వ పిల్లి ముచ్చట ఇనపడ్డది నాకు. మా నాయిన నన్నేమని చెప్తడో, కుక్క అంటడో మేక అంటడో అని నవ్వొచ్చి నోటికి కొంగు అడ్డంపెట్టుకున్న. నువ్వు అడగకనే పోతివి."

పల్లికాయ ఒలవడం ఆపలేదు. మళ్లీ తనే అంది.

"మా నాయిన పుట్టిల ఎవల్ని లెక్కపెట్టకపోయేటోడో ఎరికేనా నీకు? ఈత రానోన్ని. మునిగితే తేలనోన్ని ఏటికి చెప్పొద్దనేటోడు. నువ్వెక్కిన్నాడల్ల నిన్నే దాసిండు."

నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. చిన్నప్పుడంతా నన్ను లెక్కలో చేర్చలేదని ఆ మనిషి మీద కోపం పెట్టుకున్నాను. మా అవ్వ బోర్లా వేసిన రొట్టె అర్థం తెలిసిన నాకు, ఆయన తిప్పని తెడ్డు అర్థం కాలేదు. ఆయన నా ప్రాణం కోసం నన్ను దాచాడు. నేను నా పరువు కోసం ఆయన బిడ్డను దాచాను.

"మాఫ్ చెయ్యి సుంకమ్మా" అన్నాను.

"మాఫీ నేనేం జేసుకోను? నాకు జాగ గావాలె." అప్పుడు చేతులు ఆగాయి. "నేను సస్తే నన్ను ఎవలింటి ముంగట పండవెడ్తరు, చెప్పు. పీనుగును పండవెట్టనీకి గూడ ఒక గడప గావాలె గద."



తిరిగి వచ్చేటప్పుడు మేరమ్మ నన్ను మునిగిన ఊరికి తీసుకుపోయింది. ఎండలకు నీళ్లు వెనక్కి తగ్గితే ఊరు బయటపడుతుంది. గోడలు లేవు, పునాదులు ఉన్నాయి. ఒండ్రుమట్టి ఎండి పలకలు పలకలుగా పగిలింది, దాని మీద గవ్వలు, చేపముళ్లు. ఒకచోట విసుర్రాయి, ఇంకోచోట రోలు, రోట్లో ఇంకా నీళ్లు. అడుగులు తెలిసినట్టుగానే చిన్నాయన వాకిలి దగ్గర ఆగాయి. గడపరాయి అలాగే ఉంది. పక్కన నేల మీద తారు గడ్డకట్టిన నల్లటి మరక, ఇన్నేళ్లు నీళ్ల కింద ఉన్నా పోలేదు. మిట్టమధ్యాహ్నం, మనుషులెవరూ లేరు, గాలి కూడా లేదు. నాకు లెక్క వినిపించింది. తొమ్మిది, పది, పదకొండు. తర్వాత తెడ్డు నీళ్లలో పడ్డ చప్పుడు. మేరమ్మను అడిగితే తనకేమీ వినబడలేదంది. వినబడదు. అది ఏటిది కాదు, నా తలలోది. నా తలలోది కాబట్టే దాన్నుంచి పారిపోయే దారి లేదు.

నన్ను తప్పుగా అర్థం చేసుకోకండి. ఏటికి చెవులు లేవు. అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. మనుషులను దాస్తే నది మోసపోదు, కాగితమే మోసపోతుంది. ఆ ఆచారం తప్పని ఇవాళా అంటాను. కానీ ఆ రోజు నేను కూడా ఒకటి నమ్మాను. దెబ్బ తగిలితేనే జనానికి బుద్ధి వస్తుందని. దానికి రుజువేమిటి? చిన్నాయనకు ఏ బుద్ధి వచ్చింది? చనిపోయేదాకా బిడ్డ ముఖం చూడలేక తల దించుకోవడం వచ్చింది, అంతే. రుజువు లేని నమ్మకాన్ని మా హేతువాదులం ఏమని పిలుస్తామో మీకు తెలుసు. ఆయన నమ్మకం మనిషిని కాపాడాలని పుట్టింది. నాది మనిషిని శిక్షించాలని పుట్టింది. అప్పట్లో మా ఊరికి లెక్కంటే భయం. ఇప్పటి కాలనీలో ఆ భయం లేదు, ప్రతి గుమ్మం మీదా నంబరుంది, ప్రతి చేతిలో కార్డుంది. అయినా ఆ నంబర్ల మధ్య, రేకుల కింద ఒక ఆడమనిషి నంబరు లేకుండా ముసలిదైపోయింది, ఎవరూ ఏమిటని అడగలేదు. భయం పోయినంత మాత్రాన వదిలేయడం పోలేదు.

మేరమ్మ అడిగిన రెండు పేజీలు ఇచ్చేశాను. వాటితోపాటు మూడోది కూడా ఇచ్చాను. తుమ్మరేవుల జనాభా జాబితాలో ఉన్నదానికంటే ఒకటి ఎక్కువ, ఆ ఒకరు హన్మంతు బిడ్డ సుంకమ్మ, ఆమె ఇంట్లో ఉండగా చూసి కూడా కావాలని రాయనివాణ్ణి నేను అని సంతకం పెట్టాను. సుంకమ్మకు జాగా కోసం ఆ కాగితం ఆఫీసులో ఇస్తే తీసుకున్నారు. కానీ ఒక సాక్ష్యం చాలదట, రెండు కావాలట. రెండో సాక్షి చుట్టం కాకూడదు, సర్వేనాటికి పెద్దవాడై ఉండాలి. జాబితా సరిగ్గా ఉందని అప్పుడు వేలిముద్రలు వేసిన పెద్దలు పోయారు. కాలనీలో ఉన్నవాళ్లు అప్పటికి పసిపిల్లలు. మిగిలినవాళ్లు పనుల కోసం పోయి, ఏ ఊళ్లో ఉన్నారో తెలియకుండా అయ్యారు. రాతి మీద చిన్నాయన ఇంటి కింద నాలుగో వరుసను, రెండో సాక్షి దొరికేదాకా, మేరమ్మ ఖాళీగా ఉంచింది. చెక్కేవాడు అడిగితే, ఇంకా మనిషి రావాలని చెప్పింది.

తుమ్మరేవుల రేవులో పుట్టి ఎక్కినవాళ్లు మీలో ఎవరో ఒకరుంటారు. చీరల మూటతో దిగినవాళ్లు, సంతకు ఎడ్లను తోలినవాళ్లు, కింది గేరి నుంచి మూట నెత్తిన పెట్టుకుని వలస పోయినవాళ్లు. ఆ రోజు రేవు దగ్గర నా మీద నవ్వినవాళ్లు కూడా. తారు వాసన వచ్చే ఆ వాకిట్లో, సగం తెరిచిన తలుపు వెనక, నోటికి కొంగు అడ్డంపెట్టుకుని కూర్చున్న ఆ పిల్లను మీరు చూశారు. ఈ పేజీ పక్కన పెట్టండి. లేవండి. కాలనీకి రండి, ఆమె బతికుండగా రండి, నా సంతకం కింద మీ సంతకం పెట్టండి.